ఉత్తరంలో ఉన్నారు, సూచికలో లేరు

1785 మార్చి 1న మేరీలాండ్‌లోని జాన్ కరోల్ అనే కతోలిక గురువు (ఫాదర్) రోమ్‌లో ఉన్న కార్డినల్ అంతోనెల్లికి లాటిన్‌లో ఒక నివేదిక రాసి పంపారు. అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటూ ఇంగ్లండు సంతకం చేసి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ కొత్త దేశంలో కతోలికులు ఎందరున్నారు, వారిని చూసుకునే గురువులు ఎందరున్నారు, వారి స్థితిగతులు ఎలా ఉన్నాయి అన్న విషయాలను కరోల్ ఓపికగా లెక్కగట్టి వివరించారు. మేరీలాండ్‌లో సుమారు 15,800 మంది కతోలికులు. వారిలో 12 ఏళ్లు దాటిన స్వతంత్రులు దాదాపు 9,000 మంది, అంతకన్నా చిన్న పిల్లలు 3,000 మంది, ఆఫ్రికా సంతతికి చెందిన బానిసలు అన్ని వయసులవారూ కలిసి 3,000కు పైగా. పెన్సిల్వేనియాలో కనీసం 7,000 మంది, న్యూయార్క్‌లో 1,500 మంది. గురువులు మేరీలాండ్‌లో 19 మంది, పెన్సిల్వేనియాలో అయిదుగురు.

ఈ లెక్క చదివినప్పుడల్లా నా చూపు ఆ మూడు వేల దగ్గరే ఆగిపోతుంది. మేరీలాండ్ కతోలికుల్లో అయిదుగురికి ఒకరు బానిస అన్నమాట. వారు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారు, పూజకు వచ్చేవారు, చనిపోయినప్పుడు గురువు చేతి మట్టి అందుకున్నవారు. కరోల్ ఆ తర్వాత అయిదేళ్లకు, 1790 ఆగస్టు 15న, ఇంగ్లండులోని లల్‌వర్త్ కోట ప్రార్థనాలయంలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఆయనే తొలి కతోలిక బిషప్పు, బాల్టిమోర్ ఆయన పీఠం, అంటే ఆయన అధికార పరిధి. ఇంగ్లండులోని మిత్రుడు చార్లెస్ ప్లౌడెన్‌కు ఆయన ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలతో సహా ఆయన పత్రాలన్నీ 1976లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆయన ఎవరికి ఏ తేదీన ఏం రాశారో ఈ రోజు ఎవరైనా పుట తిరగేసి చెప్పగలరు. ఆ మూడు వేల మందిలో ఒక్కరి గురించి అలా చెప్పాలంటే మాత్రం సంవత్సరాల పని.

ఉత్తరం రాసినవారికీ అందుకున్నవారికీ ఎంత చెందుతుందో, అందులో ఎవరి గురించి రాశారో ఆ మూడో మనిషికీ అంతే చెందుతుందని నేను నమ్ముతాను. చారిత్రక లేఖల సేకరణలకు సూచికలు తయారుచేసేటప్పుడు ఆ మూడో మనిషి పేరును మొదటి ఇద్దరి పేర్ల సరసన, అంతే స్పష్టంగా ఎక్కించాలి. ఉత్తరంలో పేరే లేకపోతే, ఇక్కడొక మనిషి ఉన్నారు, పేరు రాయలేదు అన్న సంగతినైనా ఎక్కించాలి. అమెరికా కతోలిక చరిత్రకు సంబంధించిన పత్రాగారాలను చదువరిగా చాలా ఏళ్లు చూసిన మీదట ఈ మాట అంటున్నాను.

నాకీ పట్టుదల రావడానికి కారణం మా ఇంట్లో ఉంది. మా ముత్తాతగారు పల్నాడులో ఉపదేశి. యూరపు నుంచి వచ్చిన గురువులు నెలకోసారి గుర్రం మీద ఊరికి వచ్చి వెళ్లేవారు. మిగతా రోజుల్లో జపాలు నేర్పడం, చావుబతుకుల్లో ఉన్నవారికి జ్ఞానస్నానం ఇవ్వడం, తగవులు తీర్చడం అన్నీ ఆయన పనే. ఆ గురువులు తమ మఠానికి రాసుకున్న ఉత్తరాలు యూరపులో భద్రంగా ఉన్నాయని తెలిసి, కొన్నేళ్ల క్రితం ఆ పత్రాగారానికి రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఏ ఫాదరుగారి ఉత్తరాలు కావాలో, ఏ సంవత్సరాలవో చెప్పమన్నారు. మా సూచిక రాసినవారి పేర్ల మీదే ఉంది, ఉపదేశుల పేర్లతో వెతికే వీలు లేదు అన్నారు. నాయనమ్మ జ్ఞాపకంలో మిగిలిన రెండు మూడు పేర్లు పంపితే చివరికి ఒక ఉత్తరం నకలు వచ్చింది. వానాకాలంలో వాగు దాటి, జ్వరంతోనే పొరుగూరికి నడిచివెళ్లి, చనిపోతున్న ఒక ముసలాయన పక్కన రాత్రంతా కూర్చున్న "మా ఉపదేశి" గురించి అందులో ఒక పేరా ఉంది. ఆ ఊరు మా ఊరు. ఆ సంవత్సరం ఆయన సంవత్సరమే. అదే పుటలో ఫాదరుగారి గుర్రం పేరు రాసి ఉంది. ఉపదేశి పేరు లేదు.

ఆ గురువును నేను తప్పుపట్టడం లేదు. ఆయన తన పెద్దలకు రాసుకున్నారు, వారికి గుర్రమూ ఉపదేశీ ఇద్దరూ చూడని జీవులే. ఇది పల్నాడుకు, ఆ ఒక్క కాలానికి పరిమితమైన అలవాటు కూడా కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని జెస్విట్లు (కతోలిక గురువుల ఒక సభవారు) ప్రపంచం నలుమూలల నుంచి తమ గురువులు రాసిన ఉత్తరాలను సంపుటాలుగా అచ్చు వేసేవారు. వాటిలో ఉత్తర అమెరికాలోని న్యూ ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఉత్తరాలూ, తెలుగు నేల మీద కూడా పనిచేసిన కర్నాటక మిషన్ ఉత్తరాలూ ఒకే వరుసలో కనిపిస్తాయి. తెలుగు బాగా వచ్చిన ఫాదర్ కర్దూ 1742లో బట్టల మీద రంగులు అద్దే పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం వాటిలోదే. ఆ విద్యను ఆయనకు చెప్పింది కొత్తగా క్రైస్తవులైన అద్దకపు పనివారు. కరక్కాయ దగ్గర నుంచి పాల దాకా ప్రతి పదార్థమూ ఆ ఉత్తరంలో ఉంది. పనివారి పేర్లు లేవు.

అమెరికాకు వస్తే, అక్కడి కతోలిక లేఖలు ఈ రోజు మనకు మిగిలాయంటే అందులో పెద్ద పాలు జేమ్స్ ఫార్నమ్ ఎడ్వర్డ్స్ అనే ఒక గ్రంథాలయాధికారిది. ఆయన 1850లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో పుట్టి, చిన్నతనంలోనే ఇండియానాలోని నోటర్ డేమ్ విద్యాలయానికి చదువుకోవడానికి వచ్చి, 1911లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయారు. 1879 ఏప్రిల్ 23న ఆ విద్యాలయపు ప్రధాన భవనం కాలిపోయినప్పుడు గ్రంథాలయం కూడా బూడిదైంది. దాన్ని మళ్లీ కూడగట్టే పని ఎడ్వర్డ్స్ మీద పడింది. పుస్తకాలకోసం ఊరూరా రాస్తూ రాస్తూ ఆయన ఇంకొక పనిలోకి దిగారు: దేశంలోని బిషప్పుల నివాసాల్లో అటకల మీదా నేలమాళిగల్లోనూ చెమ్మకు నానుతూ పడి ఉన్న పాత ఉత్తరాలను అడిగి తెచ్చుకోవడం. వాటికి అమెరికా కతోలిక పత్రాగారం అని పేరు పెట్టారు. న్యూ ఆర్లియన్స్, సిన్సినాటి, డెట్రాయిట్, విన్సెన్స్ పీఠాల ఉత్తరాలు ఆయన పుణ్యాన నోటర్ డేమ్‌కు చేరాయి.

అడగడమంటే మామూలు అడగడం కాదు. ఆయన గురువు కాదు, పెద్ద పదవిలో ఉన్నవారూ కాదు. ఒక కళాశాల గ్రంథాలయాధికారి ఆర్చిబిషప్పులకు ఉత్తరం మీద ఉత్తరం రాసి, మీ ముందువారు దాచుకున్న కాగితాలు నాకివ్వండి అని బతిమాలి, చెక్కపెట్టెల్లో రైలెక్కించి తెప్పించుకున్నారు. అప్పట్లో వీటి విలువ ఎరిగిన మరో మనిషి చరిత్రకారుడు జాన్ గిల్మరీ షే. ఆయనకు 1883లో నోటర్ డేమ్ తన తొలి లేటారే పతకం ఇచ్చింది, ఆయన సేకరించిన పత్రాలు తర్వాత వాషింగ్టన్‌లో జెస్విట్లు నడిపే జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఈ ఇద్దరూ లేకపోతే నేను ఇక్కడ వాదించడానికి కాగితమే ఉండేది కాదు. ఆ కృతజ్ఞత ముందుగా చెప్పుకున్నాకే తక్కిన మాట.

తక్కిన మాట ఇది. ఎడ్వర్డ్స్ తన సేకరణకు కట్టిన ప్రదర్శనశాల పేరు బిషప్పుల స్మారక మందిరం. అందులో బిషప్పుల తలపాగాలు, చేతికర్రలు, నిలువెత్తు చిత్రపటాలు ఉండేవి. ఉత్తరాలను కూడా ఆయన ఆ దృష్టితోనే పోగుచేశారు. బిషప్పులు కట్టిన సంఘం కథను బిషప్పుల ఉత్తరాలు చెబుతాయన్నది ఆయన నమ్మకం. ఆయన పోయాక ఏళ్ల తరబడి ఆ కట్టలు విప్పినవారు తక్కువ. 1929లో ఫాదర్ థామస్ మెకావోయ్ పత్రాధికారి అయ్యాక వాటిని వరుసలో పెట్టి, ఒక్కో ఉత్తరాన్నీ చదివి, దాని సారాంశాన్ని కార్డు మీద ఎక్కించే మహా యజ్ఞం మొదలైంది. ఈ కార్డుల సముదాయానికి క్యాలెండర్ అని పేరు. ఫ్రెంచి, స్పానిష్, లాటిన్, ఇటాలియన్, జర్మన్ ఉత్తరాల సారమంతా ఇంగ్లీషులో, తేదీల క్రమంలో దొరుకుతుంది. ఇప్పుడది ఇంటర్నెట్‌లో ఉంది. నేను రాత్రిళ్లు దానిలో తిరిగినంతగా ఏ నవలలోనూ తిరగలేదు.

కార్డు ఎలా ఉంటుందంటే, పైన తేదీ. దాని కింద సిన్సినాటి నుంచి బిషప్ పర్సెల్, న్యూ ఆర్లియన్స్‌లోని బిషప్ ఆంత్వాన్ బ్లాంక్‌కు అన్నట్టుగా రాసినవారు, అందుకున్నవారు, వారి ఊళ్లు. ఆ తర్వాత సారాంశం. చివర పొడి అక్షరాల్లో పెట్టె గుర్తు, ఉత్తరం స్వదస్తూరీ అన్న సంగతి, సంతకం ఉందన్న సంగతి, పుటల సంఖ్య, కాగితం కొలత. కాగితం కొలతకు కూడా కార్డు మీద చోటుంది. సారాంశంలో ఎవరి పేరు ఉంటుందో, ఎవరు "ఒక వితంతువు", "ఒక సేవకుడు", "కొందరు నల్లవారు" అయిపోతారో మాత్రం ఆ రోజు కార్డు రాసినవారి చిత్తం. పేరుతో ఎక్కినవారు ఎంతోమంది ఉన్నారు, ఆ పని చేసినవారి నిజాయితీకి అది సాక్ష్యం. కాని పేరు ఎక్కించాలన్న నియమం ఏదీ వారిముందు లేదు. వేల ఉత్తరాలు మిగిలి ఉన్నప్పుడు చెయ్యి సహజంగా బిషప్పు వైపే పోతుంది.

మూల ఉత్తరాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంటే ఈ తేడా ఎంతో అర్థమవుతుంది. నేను చూసిన వాటిలో 1830ల నాటి ఒక ఉత్తరం ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆ కాలంలో అమెరికాలో తపాలా రుసుము కాగితాల సంఖ్యను బట్టి, దూరాన్ని బట్టి ఉండేది. 400 మైళ్లు దాటితే ఒక్కో కాగితానికి 25 సెంట్లు. కవరు పెడితే అది ఇంకో కాగితం కింద లెక్క. అందుకని ఒకటే పెద్ద కాగితాన్ని మడిచి, వెనక భాగంలోనే చిరునామా రాసి, లక్క ముద్ర వేసేవారు. ఖాళీ మిగలకుండా అంచుల్లో, ముద్ర మూసే రెక్కల మీద, ఒక్కోసారి రాసిన పంక్తుల మీద అడ్డంగా తిప్పి మళ్లీ రాసేవారు. ఆ ఉత్తరంలో ముద్ర విప్పినప్పుడు చిరిగిన చోట రెండు మూడు మాటలు పోయాయి. సిరా గోధుమరంగుకు తిరిగి, కలం గట్టిగా ఆనిన చోట కాగితాన్నే తినేసింది. నడిమి భాగమంతా పీఠం అప్పులు, గురువుల బదిలీలు. మడత రెక్క మీద, చోటు చాలక ఇరికించిన నాలుగు పంక్తుల్లో, వంటమనిషికి జబ్బుగా ఉందన్న మాట, ఆమె పేరు, ఆమె కొడుకు పేరు. సారాంశం తయారైతే ముందుగా జారిపోయేది ఆ నాలుగు పంక్తులే. ఎవరో ఒక మునిమనవరాలికి ప్రపంచంలో దొరకగల ఏకైక ఆధారమూ ఆ నాలుగు పంక్తులే కావచ్చు.

ఇదంతా ఊహ మీద చెబుతున్న వాదన కాదని జార్జ్‌టౌన్ ఉదంతం చూపించింది. మేరీలాండ్ జెస్విట్లకు సెయింట్ ఇనిగోస్, న్యూటౌన్, వైట్ మార్ష్ వంటి చోట్ల పెద్ద పెద్ద తోటలు ఉండేవి, వాటిలో తరతరాలుగా కతోలిక బానిస కుటుంబాలు పనిచేసేవి. 1838 జూన్‌లో ఆ ప్రాంతపు జెస్విట్ల అధిపతి థామస్ మలెడీ వారిలో 272 మందిని లూయిజియానాకు చెందిన హెన్రీ జాన్సన్, జెస్సీ బేటీ అనే ఇద్దరికి 1,15,000 డాలర్లకు అమ్మేశారు. జెస్విట్ సభ ప్రపంచ అధిపతి యాన్ రోథాన్ రోమ్ నుంచి అనుమతి ఇస్తూ, కుటుంబాలను విడదీయకూడదని, వారి మతాచరణకు భంగం రాకూడదని, వచ్చిన సొమ్ముతో అప్పులు తీర్చకూడదని షరతులు పెట్టారు. మూడూ భంగమయ్యాయి. మొదటి విడత సొమ్ములో 17,000 డాలర్లు జార్జ్‌టౌన్ కళాశాల అప్పుకు పోయాయి. మలెడీ పదవి పోగొట్టుకుని కొంతకాలం యూరపులో ఉండి, 1843లో తిరిగివచ్చి హోలీ క్రాస్ కళాశాలకు తొలి అధ్యక్షులయ్యారు. 1848లో జేమ్స్ వాన్ డి వెల్డ్ అనే జెస్విట్ గురువు లూయిజియానాలో ఆ కుటుంబాలను చూసి, వారికి గుడి లేదు, ఏదైనా చేయండని మేరీలాండ్‌కు రాశారు.

ఇవన్నీ మనకు ఎలా తెలుసు? ఉత్తరాల వల్ల. ఒప్పందం ఉంది, దాని మొదట 65 ఏళ్ల ఐజాక్ పేరు, ఆ వెనుక అతని పిల్లల పేర్లు, ఒక్కొక్కరి వయసు ఉన్నాయి. అలెగ్జాండ్రియా రేవు నుంచి న్యూ ఆర్లియన్స్‌కు వారిలో చాలామందిని మోసుకెళ్లిన కేథరీన్ జాక్సన్ అనే ఓడ పట్టీ ఉంది. ఎవరూ దేన్నీ దాచలేదు. జెస్విట్లు తమ కాగితాలు తాము జాగ్రత్తగా భద్రపరచుకుని విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1990లలోనే జార్జ్‌టౌన్‌వారు కొన్నింటిని ఇంటర్నెట్‌లో పెట్టారు. 2001లో ఒక పూర్తి పరిశోధనా గ్రంథం కూడా వెలువడింది. అయినా 272 పేర్లూ జెస్విట్ల కథలో ఒక అధ్యాయానికి ఆధారాలుగానే మిగిలిపోయాయి. మలెడీ ఏం చేశారు, రోథాన్ ఏమన్నారు, తోటి గురువుల్లో ఎవరు వ్యతిరేకించారు అన్నవే ప్రశ్నలు. ఐజాక్ మనవలు ఇప్పుడెక్కడున్నారు అని అడిగినవారు అరుదు. 2015లో మలెడీ పేరున్న భవనం మీద విద్యార్థులు నిరసన తెలిపారు, ఆ ఏడే ఒక పూర్వ విద్యార్థి వారసులను వెతకడం మొదలుపెట్టారు, 2016లో పత్రికలు రాశాయి. ప్రశ్న దిశ మారిన ఏడాదిలోపే లూయిజియానాలో మనుషులు దొరికారు. వారిలో చాలామంది ఇప్పటికీ కతోలికులు. తమ పూర్వీకుల పేర్లు నూటడెబ్బై ఏళ్లకు పైగా ఒక పెట్టెలో క్షేమంగా ఉన్నాయని వారిలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

2017 ఏప్రిల్ 18న జెస్విట్లు వారసుల ఎదుట క్షమాపణ అడిగారు. భవనానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. 2021లో వారసులతో కలిసి నెలకొల్పిన సంస్థకు పది కోట్ల డాలర్లు సమకూరుస్తామని ప్రకటించారు. అది చాలునా చాలదా అన్న చర్చ వారసులది, అందులో తలదూర్చే హక్కు నాకు లేదు. నేను చూసేది పత్రాగారం వైపు నుంచి. భద్రపరచడం జరిగింది, తెరచి ఉంచడమూ జరిగింది. ఆ పేర్ల ద్వారా లోపలికి రావడానికి దారి వేయడం ఒక్కటే జరగలేదు. ఆ ఒక్కటీ జరగనందువల్ల రెండు మూడు తరాలవారు తమ ముత్తాత పేరు తెలియకుండానే కన్నుమూశారు. సూచిక ఒక గుమాస్తా పని అని తేలిగ్గా తీసేసేవారికి నేను చెప్పగలిగిన జవాబు ఇదే.

పత్రాగారాల్లో పనిచేసే మిత్రులు దీనికి అభ్యంతరాలు చెబుతారు, వాటిలో బలమున్నవి ఉన్నాయి. మొదటిది శ్రమ. ఒక పెట్టెను మొత్తంగా "బిషప్పు ఉత్తరాలు, ఫలానా ఏళ్లు" అని ఒక పంక్తిలో వర్ణించి తెరిచేస్తే పది పెట్టెలు చదువరులకు అందుతాయి. ప్రతి ఉత్తరంలో ప్రతి పేరూ ఎక్కిస్తూ కూర్చుంటే ఒక్క పెట్టె కూడా పూర్తికాదు. నిజమే. కాని ఈ లెక్కలో ఒక వివక్ష దాగి ఉంది. పెట్టె మీద బిషప్పు పేరు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆయనను వెతికేవారికి ఒక్క పంక్తి చాలు. చాకలామె పేరు వెతికేవారికి ఆ పంక్తి గోడతో సమానం. కాబట్టి తక్కువ శ్రమ పెట్టదలుచుకున్నా, ఆ కొంచెం శ్రమను వేరేచోట పెట్టవచ్చు: బిషప్పుల మధ్య నడిచిన ఉత్తరాలకు ఒక్క పంక్తి వర్ణన ఇచ్చి, మిగిలిన సమయాన్ని జ్ఞానస్నాన పుస్తకాలు, అమ్మకపు పట్టీలు, పాఠశాల హాజరు జాబితాల మీద పెట్టవచ్చు. న్యూ ఆర్లియన్స్ అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పీఠం) బానిసల పేర్లూ, స్వేచ్ఛగా ఉన్న నల్లవారి పేర్లూ ఎక్కించిన తన పాత జ్ఞానస్నాన పుస్తకాల పుటలకు ఫొటోలు తీయించి అందరికీ అందుబాటులో పెట్టింది. అక్కడ ఈ పని ఎంత ఉపయోగపడుతున్నదో వంశవృక్షాలు వెతుక్కునే కుటుంబాలను అడిగితే చెబుతారు.

రెండో అభ్యంతరం మూలక్రమం గురించి. కాగితాలు ఎవరి దగ్గర ఏ వరుసలో పుట్టాయో ఆ వరుసను చెడగొట్టకూడదన్నది పత్రశాస్త్రపు పునాది సూత్రం, దాన్ని నేనూ గౌరవిస్తాను. ఒక్క కాగితాన్ని కూడా కదపమని నేను అనడం లేదు. జాన్ కరోల్ పెట్టె జాన్ కరోల్ పెట్టెగానే ఉండాలి. దానికి రెండో ద్వారం తెరవమంటున్నాను.

మూడోది గోప్యత. ఇక్కడ మాత్రం నేను ఆగి ఆలోచిస్తాను. కతోలిక ధర్మశాస్త్ర స్మృతిలోని 489వ అధికరణం ప్రకారం ప్రతి పీఠంలో ఒక రహస్య పత్రాగారం ఉండాలి. నైతిక నేరాల విచారణలకు సంబంధించి, నిందితులు చనిపోయినా, శిక్ష పడి పదేళ్లు దాటినా, ఆ కాగితాలను ఏటా నాశనం చేసి, జరిగినదాని చిన్న సారాంశాన్నీ తీర్పునూ మాత్రమే ఉంచాలని అదే అధికరణం చెబుతుంది. సారాంశం ఏం చేయగలదో ఇంతకన్నా భయంకరమైన ఉదాహరణ నాకు తెలియదు. 2018 ఆగస్టులో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ ఆరు పీఠాల కాగితాలను బలవంతంగా తెప్పించుకుని, 300 మందికి పైగా గురువుల మీద ఆరోపణలను, వెయ్యికి పైగా బాధిత పిల్లల ఉనికిని బయటపెట్టింది. బాధితుల పేర్లు ఊరంతటికీ తెలియాలని ఎవరూ కోరరు. బతికి ఉన్నవారికి తమ పేరును మూసి ఉంచుకునే హక్కు సంపూర్ణంగా ఉండాలి. ఆ హక్కు వారిదే కావాలి, వారికి బదులుగా సంస్థ వాడుకునేది కాకూడదు. తన గురించి తన తల్లి బిషప్పుకు రాసిన ఉత్తరం ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక మనిషి న్యాయవాదిని పెట్టుకోవలసిరావడం గోప్యత అనిపించుకోదు.

అమెరికాలోని మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయంలో ఉన్న కతోలిక ఇండియన్ మిషన్ల కార్యాలయపు పత్రాలదీ ఇలాంటి కథే. 1874లో మొదలైన ఆ కార్యాలయం అమెరికా ఆదివాసీ పిల్లలను ఉంచిన వసతి పాఠశాలల వ్యవహారాలు చూసింది. పాఠశాల నడిపినవారు నిధులకోసం రాసిన ఉత్తరాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. 2023లో పత్రాధికారులూ ఆదివాసీ ప్రతినిధులూ కలిసి కతోలికులు నడిపిన ఆ పాఠశాలల పేర్ల జాబితా విడుదల చేశారు. పాఠశాలల పేర్లయ్యాయి. పిల్లల పేర్లు వారి వారి తెగలవారి చేతికి చేరడం ఇంకా కావలసిన పని.

ఈ పనికి కాలం కలిసి రావడం లేదు. 1965లో అమెరికాలో దాదాపు 1,80,000 మంది మఠకన్యలు ఉండేవారు. ఇప్పుడు 40,000 కన్నా తక్కువ, వారిలోనూ వృద్ధులే ఎక్కువ. మూల మఠాలు అమ్ముడుపోతున్నాయి. ఒక్కో మఠం అమ్ముడైనప్పుడు నూటయాభై ఏళ్ల ఉత్తరాల పెట్టెలు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న వస్తుంది. ఆదివాసీలకూ నల్లవారికీ సేవ చేయడానికి కాథరిన్ డ్రెక్సెల్ అనే మఠకన్య 1891లో స్థాపించిన సభ పత్రాలు అదృష్టవశాత్తు ఫిలడెల్ఫియా అగ్రపీఠపు చరిత్ర పరిశోధనా కేంద్రానికి చేరాయి. వాటిలో అగస్టస్ టోల్టన్ ఆమెకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. 1854లో మిస్సోరిలో బానిస బిడ్డగా పుట్టిన టోల్టన్‌కు యజమాని భార్యే జ్ఞానమాత (గాడ్‌మదర్). అమెరికాలో ఏ గురువిద్యాలయమూ చేర్చుకోకపోతే రోమ్‌లో చదివి 1886 ఏప్రిల్ 24న అక్కడే గురువయ్యారు. అందరి కళ్లూ తనమీదే ఉన్నాయని, తాను ఎక్కడ తప్పటడుగు వేస్తానా అని చూస్తున్నారని షికాగో నుంచి ఆమెకు రాసుకున్నారు. ఎవరి ఆస్తి పట్టీలోనో మూడో మనిషిగా మొదలైనవారు తన ఉత్తరం తానే రాసి, కింద తన పేరు తానే పెట్టారు. ఆ సంతకాన్ని చూస్తే నాకు గొంతు పూడుకుపోతుంది.

మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో (పారిష్‌లో), ఇప్పుడు పూజ చేసే ఫాదరుగారు తెలుగువారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి అమెరికా విచారణల్లో పనిచేసే గురువులు ఈ రోజుల్లో ఎందరో ఉన్నారు. పోయిన నెల పూజ అయ్యాక వస్త్రాల గదిలో ఆయన ఒక బిడ్డ జ్ఞానస్నానం పుస్తకంలో ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చూశాను. తల్లిదండ్రులు గ్వాటెమాలా నుంచి వచ్చినవారు. తల్లి ఇంటిపేరులో ఒక అక్షరం సరిగ్గా తెలియక ఆయన కలం ఆపి, వారిని వెనక్కి పిలిపించి, అడిగి రాశారు. మా ముత్తాతగారి సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను.

ఆ మరుసటి వారం న్యూటౌన్ వెళ్లాను. పొటోమాక్ వైపు నీటి మధ్యకు సన్నగా చొచ్చుకుపోయిన నేల, పొలాల నడుమ పాత గుడి. 1838లో పీటర్ హేవర్మన్స్ అనే డచ్ గురువు ఇక్కడ ఉన్నారు. తన చేతుల మీదుగా జపాలు నేర్చుకున్నవారిని ఓడకు తరలిస్తుంటే చూసి, తట్టుకోలేక, రోమ్‌లోని రోథాన్‌కు ఉత్తరం రాశారు. వెళ్లేముందు ఒక గర్భిణి ఆయన దగ్గరకు వచ్చి మోకరిల్లి దీవెన అడిగారు. నిరాశపడడానికి ఎవరికైనా కారణం ఉందంటే అది ఇప్పుడు నాకు కాదా, కాన్పు దారిలో వస్తుందో నడిసముద్రంలో వస్తుందో తెలియదు, నా గతి ఏమవుతుంది, నేనేం చేశానని నాకిది అని అడిగారు. దేవుణ్ణి నమ్ముకో అన్నానని ఆయన రాసుకున్నారు. గుడి మెట్లమీద కూర్చుని, ఈ ఉత్తరానికి కార్డు నేను రాయవలసివస్తే ఎలా రాస్తానో నా పుస్తకంలో రాసుకున్నాను.

1838. మేరీలాండ్, న్యూటౌన్. పీటర్ హేవర్మన్స్ నుంచి, రోమ్‌లోని యాన్ రోథాన్‌కు. ఉత్తరంలో ఉన్నవారు: ఒక స్త్రీ, కతోలికురాలు, గర్భిణి, న్యూటౌన్ నుంచి లూయిజియానాకు అమ్మకం మీద తరలింపు, ప్రయాణానికి ముందు దీవెన కోరారు, ఆమె మాటలు ఉత్తరంలో ఉన్నాయి, పేరు రాయలేదు. ఓడ పట్టీతో, 1838 ఒప్పందంతో పోల్చి చూడాలి.